క్లచ్ తొక్కినవాడే డ్రైవరా?

అల్వాల్‌లో ఎవరైనా కారు నేర్చుకుంటానని అంటే చాలు, అడగకుండానే సలహా వచ్చి పడుతుంది. "ముందు గేర్ల బండి నేర్చుకో. అదొస్తే ఏ బండైనా నడపొచ్చు." డ్రైవింగ్ స్కూల్లోనూ అదే మాట, మెకానిక్ షెడ్డులోనూ అదే మాట. ఇంట్లో పెదనాన్నో మేనమామో ఉంటే ఇంకో ముక్క కలుపుతారు: "ఆటోమేటిక్ నడుపుడు కూడా ఒక నడుపుడేనా? బొమ్మ కారు లెక్క." కొత్త కార్లలో ఆటోమేటిక్‌ల వాటా ఏటేటా పెరుగుతోంది కాబట్టి ఈ ఎద్దేవాకు ఇప్పుడు విచారం కూడా తోడైంది. గేరు పోతే నైపుణ్యం పోతుందట. బండి మీద అదుపు పోతుందట. రాబోయే తరానికి స్టీరింగ్ తిప్పడం తప్ప ఏమీ రాదట.

ఇందులో ఒక్కటీ పూర్తిగా నిలబడదు. నిలబడకపోతే పోనీలే అని వదిలేయడానికీ లేదు. ఎందుకంటే ఈ నమ్మకమే మన డ్రైవింగ్ శిక్షణను పాడు చేసింది, ఆటోమేటిక్ కారు నడిపేవాళ్లను అసలు శిక్షణే లేకుండా రోడ్డు మీదికి వదిలింది. నేను నడిపేది గేర్ల కారేనని ముందే చెప్పేస్తాను. మార్చే ఆలోచనా లేదు. కాబట్టి ఇది యాభై వేలు ఎక్కువ పెట్టి ఆటోమేటిక్ కొన్నవాడు తన ఖర్చును సమర్థించుకోవడానికి రాస్తున్న రాత కాదు.

సాయంత్రం ఆరున్నరకు తిరుమలగిరి నుంచి లోతుకుంట మీదుగా అల్వాల్ దాకా రాజీవ్ రహదారి మీద కారు నడిపినవారికి డ్రైవింగ్ అంటే ఏమిటో ఎవరూ నిర్వచించి చెప్పనక్కర్లేదు. కంటోన్మెంట్ భాగంలో రక్షణ శాఖ భూముల వల్ల ఈ రోడ్డును వెడల్పు చేయడం ఏళ్ల తరబడి కుదరలేదు. ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట దాకా సుమారు 18 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చి 7న అల్వాల్‌లోనే శంకుస్థాపన చేశారు. పైదారి వచ్చేదాకా కరీంనగర్ బస్సుకూ, లారీకీ, స్కూలు ఆటోకూ, కూరగాయల సంచి తగిలించుకున్న స్కూటీకీ ఇదొక్కటే దారి. ఇక్కడ బండి నడిపేవాడు చేయాల్సిన పనులేమిటి? ఆగిన ఆర్టీసీ బస్సు ముందు నుంచి ఎవరో ఒకరు రోడ్డు దాటుతారని ముందే ఊహించాలి. డివైడర్ పక్కన ఎదురుగా వచ్చే రాంగ్ రూట్ బైకును పసిగట్టాలి. ఎడమ అద్దంలో సందు వెతుక్కుంటూ దూసుకొచ్చే బండిని చూడాలి. ముందున్న లారీకి ఎంత ఎడం వదలాలో, ఎప్పుడు వదలకూడదో తెలియాలి. ఇవన్నీ కంటి పనులు, బుర్ర పనులు. ఎడమ కాలికి వీటిలో భాగం లేదు.

పైగా ఎడమ కాలు ఈ పనులకు అడ్డం. కొత్తగా నేర్చుకున్నవారి పక్క సీట్లో కూర్చుంటే ఇది తెలుస్తుంది. సిగ్నల్ పడగానే వాళ్ల ధ్యాస మొత్తం క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో, బండి ఎక్కడ ఆగిపోతుందో అన్న భయం మీదే ఉంటుంది. వెనక హారన్లు మొదలవుతాయి. కాలు వణుకుతుంది, కళ్లు ఒక్క క్షణం గేర్ రాడ్ వైపు దిగుతాయి. సరిగ్గా అప్పుడే ఎడమ వైపు నుంచి బైకు వస్తుంది. అలవాటైతే ఇదంతా పోతుందని అంటారు. పోతుంది, నిజమే. కానీ అలవాటయ్యేదాకా గడిచే ఆ నెలల్లోనే కదా కొత్తవాడి చూపు రోడ్డు మీద ఉండాల్సింది! ఆ నెలలను క్లచ్‌కు ధారపోసి, దానికే డ్రైవింగ్ నేర్చుకోవడం అని పేరు పెట్టాం.

గేరు కారు మనిషిని మెలకువగా ఉంచుతుంది, చేయి ఖాళీ ఉండదు గనుక ఫోను జోలికి పోడు అని మరో వాదన ఉంది. వినడానికి బాగుంది. లోతుకుంట సిగ్నల్ దగ్గర అయిదు నిమిషాలు నిలబడి చూస్తే చాలు. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, ఎడమ చేత్తో రెండో గేరు వేసేవాళ్లు కనిపిస్తారు. ఇక హెల్మెట్‌లో ఫోను దోపుకుని మోటార్ సైకిల్‌కు నాలుగు గేర్లూ మార్చే కళ మన ఊళ్లో వికసించినంతగా మరెక్కడా వికసించి ఉండదు.

శిక్షణ దగ్గరికి వద్దాం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 15వ నిబంధన డ్రైవింగ్ పరీక్షలో అభ్యర్థి ఏమేం చేసి చూపించాలో చెబుతుంది. అందులో గేర్ల ప్రస్తావన బాగానే ఉంది. టాప్ గేరు దాకా వరసగా వేయాలి, అవసరమైనప్పుడు చకచకా తగ్గించాలి, దిగుడులో చిన్న గేరులోకి రావాలి అని ఒకదాని వెనక ఒకటి రాశారు. అది రాసినప్పుడు ఈ దేశంలో కారు అంటే గేర్ల కారే. కానీ ఆ జాబితాలో మొట్టమొదటి అంశం గేరు కాదు, క్లచ్ కాదు. వెనక చూసే అద్దాన్ని సర్దుకోవడం. సిగ్నల్ ఇచ్చే ముందు అద్దం చూడాలని తర్వాత ఇంకోచోట మళ్లీ చెప్పారు. ఇప్పుడు మీకు తెలిసిన ఏ డ్రైవింగ్ స్కూలు కారునైనా గుర్తు తెచ్చుకోండి. ఎడమ వైపు అద్దం తెరిచి ఉంటుందా, మడిచి ఉంటుందా? నేను చూసిన చాలా కార్లలో మడిచే ఉంది, ఎవరైనా గీకుతారని. శిష్యుడికి చెప్పే పాఠమంతా "క్లచ్ తొక్కు, ఫస్ట్ వెయ్, మెల్లగ వదులు, హాఫ్ క్లచ్ పట్టు" అన్న నాలుగు ముక్కల చుట్టూ తిరుగుతుంది. స్టీరింగ్ ఒక చేత్తో మాస్టారే పట్టుకుని ఉంటారు. బ్రేకు, క్లచ్ ఆయన వైపు కూడా ఉంటాయి. చివరికి ట్రాక్ మీద 'హెచ్' కొట్టడం, 'ఎనిమిది' తిప్పడం నేర్పి పంపిస్తారు. కారు ఆగిపోకుండా ట్రాక్ దాటితే లైసెన్సు. ఆ లైసెన్సు పట్టుకుని వచ్చిన కుర్రాడు ఇందిరాగాంధీ విగ్రహం దగ్గర కుడికి తిరగడానికి ఎడమ లైనులో నుంచి వస్తాడు, ఇండికేటర్ వేయకుండా. క్లచ్ మాత్రం చక్కగా వదులుతాడు.

ఇది ఆ మాస్టార్ల తప్పని నేను అనను. మనం అడిగిందే వాళ్లు అమ్ముతున్నారు. "మావాడికి గేర్లు వచ్చాయా?" అనే అడుగుతాం. "మావాడు అద్దం చూస్తున్నాడా?" అని అడిగిన తండ్రి నాకింతవరకూ తగల్లేదు.

గేరుతోనే నైపుణ్యమంతా పోతుందనే విచారం మాటకొస్తే, ఇది కొత్త ఏడుపేమీ కాదు. మోటారు బండి పుట్టిన దగ్గర్నుంచీ డ్రైవర్ చేతిలోంచి ఒక్కో పనీ యంత్రం లాగేసుకుంటూనే ఉంది. ముందు హ్యాండిల్ కొట్టి ఇంజన్ లేపే పని పోయింది. 1912లో కాడిలాక్ కారుకు విద్యుత్ స్టార్టర్ వచ్చింది. తర్వాత డబుల్ క్లచ్ పోయింది. 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో సర్వీసు మొదలుపెట్టిన కాలం నాటి బండ్లలో గేరు మార్చాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కి, మధ్యలో ఇంజన్ వేగాన్ని చెవితో కొలిచి సరిపెట్టాల్సి వచ్చేది. లేకపోతే పళ్లు కొరికిన చప్పుడు బస్సంతా వినిపించేది. ఆ వేగాన్ని గేర్‌బాక్సే సరిపెట్టుకునే సింక్రోమెష్ అందరికీ అందాక ఆ విద్య అక్కర్లేకుండా పోయింది. ఇవాళ గేర్ల కారు నడిపి మీసం మెలేసేవాళ్లలో ఎందరికి డబుల్ క్లచ్ వచ్చు? నాకు రాదు. ఆ లెక్కన ఆనాటి బస్సు డ్రైవర్ ముందు మనందరం నడిపేదీ బొమ్మ కార్లే. ఎవరికి ఎక్కడ గేరు అలవాటైందో అక్కడే గీత గీసి, దానికి అవతల ఉన్నదంతా డ్రైవింగ్ కాదంటున్నారు.

ఇంతకంటే దగ్గరి సాక్ష్యం మన ఇళ్ల ముందే ఉంది. 1984లో కైనెటిక్ హోండా వచ్చింది. గేర్లు లేవు, బటన్ నొక్కితే స్టార్టు. అప్పటికి ఇంటింటి బండి బజాజ్ చేతక్. ఎడమ చేత్తో క్లచ్ నొక్కి, అదే పిడిని తిప్పితే గేరు పడేది. కైనెటిక్‌ను ఆడవాళ్ల బండి అన్నారు. 2001లో యాక్టివా వచ్చింది, దాన్నీ అలాగే అన్నారు. తర్వాత ఏమైందో అల్వాల్‌లో ఏ కూరగాయల బజారు ముందు నిలబడినా తెలుస్తుంది. రిటైరైన సుబేదారూ, పాలు పోసేవాడూ, డిగ్రీ చదివే పిల్లా అందరూ గేరు లేని బండి మీదే. గేర్ల స్కూటర్ పోయినందుకు రోడ్డు మీద ఏ నైపుణ్యం తగ్గిందో ఎవరైనా చూపించగలరా? చేతక్ పేరు 2020లో తిరిగి వచ్చింది. బ్యాటరీతో, గేరు లేకుండా. దాన్ని ఎవరూ బొమ్మ బండి అనడం లేదు. ఆడవాళ్లు మొదట పట్టుకున్నదాన్ని చిన్నచూపు చూసి, తర్వాత మగవాళ్లు కూడా కొనుక్కోగానే ఆ మాట మరిచిపోవడం మన అలవాటు. ఆటోమేటిక్ కారు విషయంలో ఇప్పుడు మొదటి సగంలో ఉన్నాం.

ఇక 'ఆటోమేటిక్' అని మనం ఆక్షేపిస్తున్నదాని బానెట్ తెరిచి చూడండి. 2014 ఫిబ్రవరిలో మారుతి సెలేరియో వచ్చింది. మధ్యతరగతికి అందే ధరలో ఆటోమేటిక్ అలవాటు చేసిన కారు అదే. సెలేరియోలో ఉన్నది ఏఎంటీ. అంటే మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. తొక్కే కాలు, మార్చే చేయి మాత్రం మనవి కావు. ఒక కంప్యూటర్ చెప్పినట్టు యంత్రం ఆ రెండు పనులూ చేస్తుంది. మన రోడ్ల మీది చవక ఆటోమేటిక్‌లలో ఎక్కువ భాగం ఇవే. కాబట్టి గేరు ఎక్కడికీ పోలేదు. లోపలే ఉంది. పోయిందల్లా క్లచ్ తొక్కే చాకిరీ.

గేర్ల కారే ఎక్కువ మైలేజీ ఇస్తుందన్న వాదన ఒక్క వాక్యంలో తేలిపోతుంది: 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్‌లో గేర్ల మోడల్‌కు కంపెనీ చెప్పిన మైలేజీ లీటరుకు 24.80 కిలోమీటర్లు, ఏఎంటీకి 25.75.

అదుపు వాదన మీద మాత్రం కాస్త ఆగాలి, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. ఘాట్ దిగేటప్పుడు బ్రేకుల మీదే ఆధారపడితే అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. చిన్న గేరులో ఉంచితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. తిరుమలలో 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు మీదుగా కిందికి దిగిన ప్రతి డ్రైవరుకూ ఇది తెలిసి ఉండాలి. శ్రీశైలం దారిలోనూ అంతే. ఈ పని గేర్ల కారులో సులువు, ఒప్పుకుంటాను. అయితే మన గేర్ల వీరులు నిజంగా చేసేదేమిటి? దిగుడు రాగానే న్యూట్రల్ చేసి వదిలేస్తారు, పెట్రోలు కలిసొస్తుందని. తండ్రి కొడుక్కి, సీనియర్ డ్రైవర్ క్లీనర్‌కు అప్పగించే పరమ రహస్యం ఇది. కార్బురేటర్ రోజుల్లో దానివల్ల నాలుగు చుక్కలు మిగిలాయేమో. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజన్లు వచ్చాక లెక్క తలకిందులైంది. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంధనం పూర్తిగా ఆగిపోతుంది, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్ చేస్తే ఇంజన్ ఆగకుండా ఉండటానికి పెట్రోలు పోస్తూనే ఉండాలి. అంటే ఇంధనమూ దండగ, ఇంజన్ బ్రేకింగూ పోయె, బ్రేకులూ కాలిపోయె. అదుపు గురించి ఉపన్యాసం ఇచ్చేవాడు దిగుడులో ఆ అదుపును తన చేత్తోనే వదిలేస్తున్నాడు.

అదే ఆటోమేటిక్‌లో 'డి' లో దిగితే కనీసం చక్రాలకూ ఇంజన్‌కూ తెగతెంపులు కావు. అది కూడా చాలదు. మీట పక్కనే 'ఎం' అని ఉంటుంది, కొన్నిటిలో 'ఎల్' ఉంటుంది. దాన్ని వాడి రెండో గేరుకు దించుకోవాలి. ఈ సంగతి ఆటోమేటిక్ కొన్నవాళ్లలో చాలామందికి తెలియదు. ఎందుకు తెలియదు? ఎవరూ చెప్పలేదు గనుక. ఎందుకు చెప్పలేదు? అందులో నేర్పడానికేముంది, బొమ్మ కారే కదా అనుకున్నారు గనుక.

నా అసలు ఫిర్యాదు ఇదే. ఆటోమేటిక్‌ల మీద వచ్చే ఆక్షేపణల్లో అన్నిటికంటే బరువైనది ప్రమాదాల గురించి. సెల్లార్ పార్కింగ్‌లో కారు ఒక్కసారిగా ఎగిరి గోడను గుద్దింది, బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కారు అనే వార్తలు మనం చదువుతూనే ఉంటాం. ఇది కట్టుకథ కాదు. దాదాపు అన్నీ ఆటోమేటిక్‌లే నడిచే జపాన్‌లో ఇది పెద్ద సమస్య. 2019 ఏప్రిల్‌లో టోక్యోలోని ఇకెబుకురోలో 87 ఏళ్ల వృద్ధుడు నడుపుతున్న కారు అదుపు తప్పి ఒక తల్లినీ, ఆమె పసిబిడ్డనూ చంపింది. బ్రేకుకు బదులు యాక్సిలరేటర్ తొక్కాడని కోర్టు తేల్చింది. ఆ దేశం ఏం చేసింది? గేర్ల కార్లకు తిరిగి పొమ్మనలేదు. 2028 సెప్టెంబర్ నుంచి కొత్త ఆటోమేటిక్ కార్లలో పెడల్ పొరపాటును అడ్డుకునే పరికరం తప్పనిసరి చేసింది. ఆటోమేటిక్‌కే పరిమితమైన లైసెన్సు అక్కడ 1991 నుంచే ఉంది. 2025 ఏప్రిల్ నుంచి డ్రైవింగ్ స్కూళ్లలో శిక్షణకు ఆటోమేటిక్‌నే పునాదిగా చేసి, గేరు కావాలన్నవాళ్లకు దాన్ని అదనంగా నేర్పుతున్నారు.

మన దగ్గర పరిస్థితి చూడండి. 1988 మోటారు వాహనాల చట్టం రెండు చక్రాల బండ్లను 'గేరు లేనివి', 'గేరు ఉన్నవి' అని విడదీసింది. కార్లకు ఆ విభజన లేదు, అంతా లైట్ మోటార్ వెహికలే. గేర్ల కారులో పరీక్ష పాసై, మర్నాడు షోరూమ్‌లో సేల్స్ కుర్రాడు పది నిమిషాలు చూపించగానే ఆటోమేటిక్ వేసుకుని రోడ్డెక్కొచ్చు. ఇలా ఎక్కేవాళ్లలో ఎక్కువ ఇబ్బంది పడేది ఎవరో తెలుసా? గేర్ల బండిలో పండిపోయినవాళ్లే. ఏళ్ల తరబడి ఆగేటప్పుడల్లా నేలకు తొక్కిన ఎడమ కాలు అలవాటుగా క్లచ్ కోసం వెతుకుతుంది. అక్కడ దొరికేది వెడల్పాటి బ్రేకు పెడల్. దాన్ని క్లచ్ తొక్కినంత బలంగా తొక్కితే కారు ఉన్నపళంగా ఆగుతుంది, వెనకవాడు వచ్చి గుద్దుతాడు. కొందరు రెండు కాళ్లతో రెండు పెడళ్లు నడుపుతారు, కంగారులో రెండూ కలిపి తొక్కుతారు. నేర్పాల్సింది కొండంత ఏమీ లేదు. ఎడమ కాలు వెనక్కి లాగి నేలకు ఆనించాలి. కుడి మడమ బ్రేకుకు ఎదురుగా నాటి, అక్కడి నుంచే పాదాన్ని అటూ ఇటూ తిప్పాలి. బ్రేకు వదిలితే కారు దానంతటదే పాకుతుందని తెలియాలి. ఆపాక, 'పి' ఉంటే అది వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, అప్పుడే కాలు తీయాలి. ఇది కూడా డ్రైవింగే. దీనికీ గురువు కావాలి. "అదొస్తే ఏ బండైనా నడపొచ్చు" అన్న మాట ఈ గురువును లేకుండా చేసింది.

కార్లకు కూడా లైసెన్సులో గేరు, ఆటోమేటిక్ అని విడివిడిగా పెట్టమంటే నేను చేయెత్తుతాను. కానీ రెండు వైపులా పెట్టాలి. ఆటోమేటిక్ నేర్చినవాడు గేర్ల కారు ముట్టకూడదంటే సరే. గేర్ల కారు నేర్చినవాడూ పరీక్ష లేకుండా ఆటోమేటిక్ ముట్టకూడదు.

గేర్ల కారు తరఫున చెప్పదగిన న్యాయమైన మాటలు లేకపోలేదు. ధర తక్కువ. బ్యాటరీ చచ్చిపోతే నలుగురు నెడితే లేస్తుంది. క్లచ్ ప్లేట్ పోతే అల్వాల్‌లో ఏ మెకానిక్ అయినా విప్పి వేసేస్తాడు. ఏఎంటీలో మన బదులు క్లచ్ తొక్కే ఆక్చుయేటర్ మొరాయిస్తే కంపెనీ సర్వీసు సెంటరుకు వెళ్లి వాళ్లు చెప్పిన బిల్లు కట్టాలి. శామీర్‌పేట దాటాక ఖాళీ రోడ్డు మీద తెల్లవారుజామున మూడో గేరుకు దించి బండిని లాగడంలో ఒక ఆనందం ఉంది, అందుకే నా కారు నేను అమ్మను. ఇవన్నీ గేర్ల కారు కొనడానికి కారణాలు. కొననివాణ్ని తక్కువ చేయడానికి ఒక్కటీ కారణం కాదు.

క్లచ్‌ను పొగిడేవాళ్లు ఎవరో కూడా చూడాలి. ఆదివారం ఔటర్ రింగ్ రోడ్డెక్కేవాళ్లు. రోజంతా క్లచ్ తొక్కేవాళ్లు వేరే: క్యాబ్ డ్రైవర్లు, గంటల లెక్కన వచ్చే యాక్టింగ్ డ్రైవర్లు, సిటీ బస్సు డ్రైవర్లు. అల్వాల్‌లో ఎక్కించుకుని హైటెక్ సిటీలో దించి తిరిగొచ్చే క్యాబ్ డ్రైవర్‌ను గేరు నైపుణ్యం గురించి అడగండి, మోకాలి గురించి చెబుతాడు. అతను గేర్ల కారు నడిపేది ప్రేమతో కాదు, ధర వల్ల, సీఎన్జీ వల్ల. సీఎన్జీ కారుకు ఆటోమేటిక్ గేర్‌బాక్సు మన దేశంలో మొదటిసారి వచ్చిందే 2024లో, టాటా టియాగో, టిగోర్‌లతో. ఎడమ కాలికి పోలియో వచ్చిన మనిషికి, మోకాలి ఆపరేషన్ అయిన రిటైర్డ్ టీచరమ్మకు ఆటోమేటిక్ అంటే సోమరితనం కాదు. ఇంకొకర్ని బతిమాలకుండా ఆసుపత్రికి వెళ్లి రావడం. వాళ్లను డ్రైవర్లు కారనడానికి మనమెవరం?

ఈ గొడవ ఎటూ ఎక్కువ కాలం సాగేది కాదు. మామూలు ఎలక్ట్రిక్ కారులో మార్చడానికి గేర్లే లేవు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్‌లో కొత్త విధానం తెచ్చి, 2026 డిసెంబర్ 31 దాకా ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించింది. ఇప్పుడు స్కూలుకు వెళ్తున్న పిల్లల్లో చాలామంది సొంత డబ్బుతో కొనే మొదటి కారులో క్లచ్ ఉండదు. వాళ్లకు ఇవాళ మనం క్లచ్ వదలడం నేర్పి, అద్దం చూడటం నేర్పకుండా పంపిస్తున్నాం.

అల్వాల్, మచ్చబొల్లారం, వెంకటాపురంలో ఈ సెలవుల్లో పిల్లల్ని డ్రైవింగ్ స్కూల్లో చేర్పించే తల్లిదండ్రులు ఫీజు కట్టే ముందు కొన్ని సంగతులు అడగండి. ఆటోమేటిక్ కారు ఉందా? దాన్ని నేర్పేవాళ్లు ఉన్నారా? అద్దాలు, లైన్లు, ఇండికేటర్లు ఏ రోజు మొదలుపెడతారు? రోడ్డు మీద మొత్తం ఎన్ని గంటలు నడిపిస్తారు? చివరి ప్రశ్నకు నిబంధనల్లోనే జవాబు ఉంది: కనీసం 10 గంటలు. అంతకంటే తక్కువ చెబితే ఇంకో స్కూలు చూసుకోండి.